పైడయ్య తుపాకుల గది

మా వీధి చివర కుట్టుమిషన్లు బాగుచేసే చీనా ముసలాయన కొట్టు ఉంది. పొద్దున్న అటుగా నడిచి వెళ్తుంటే, విప్పదీసిన భాగాలను ఆయన నూనెగుడ్డతో తుడుస్తూ కనిపిస్తాడు. ఆ పల్చటి నూనె వాసన తగలగానే నాకు కుట్టుపని గుర్తుకు రాదు. మలయాలో, పెరాక్ దక్షిణాన ఒక రబ్బరు తోట, ఆఫీసు వెనక రేకుల గది, గోడకు ఆనించిన తొమ్మిది జంటగొట్టాల తుపాకులు, వాటి ముందు ఎత్తుపీట మీద కూర్చున్న పైడయ్య గుర్తుకొస్తాడు. అప్పుడు నాలో మొదట కదిలేది గౌరవం కాదు, అసూయ. నలభై ఏళ్ళు దినపత్రికలో పనిచేసినవాణ్ణి కనుక ఆ మాట తూచే వాడుతున్నాను.

అవి తెల్లదొరల పాలనలో ఎమర్జెన్సీ రోజులు. అడవిలో తిరుగుబాటుదారులు, తోట చుట్టూ ముళ్ళకంచె, గేటు దగ్గర సోదాలు. అనుమతి లేని తూటా ఒక్కటి జేబులో దొరికినా ఉరి తీయగల చట్టం అమల్లో ఉండేది. కాబట్టి తోట కాపలాదళానికి పోలీసులిచ్చిన తుపాకులకు ఎవరో ఒకరు జవాబుదారీగా ఉండాలి. నాకప్పుడు ఇరవైమూడేళ్ళు. సీనియర్ కేంబ్రిడ్జి పరీక్ష ప్యాసై, మా నాన్న పెద్ద కిరాణిగా ఉన్న ఆఫీసులోనే చిన్న కిరాణిగా, అంటే గుమాస్తాగా, చేరాను. తుపాకుల గది తాళంచెవి నాకే వస్తుందని తోటంతా అనుకుంది. నేనైతే దాన్ని ఏ జేబులో వేసుకోవాలో కూడా నిర్ణయించుకున్నాను. తోట మేనేజరు దొర దాన్ని పైడయ్యకిచ్చాడు.

పైడయ్య రబ్బరు చెట్లకు గాట్లుపెట్టి పాలు తీసే కూలీ. విజయనగరం వైపు నుంచి తల్లి చంకలో ఓడెక్కి వచ్చినవాడు. సంతకం చెయ్యడం రాదు, వేలిముద్రే. కాపలాదళానికి మనుషుల్ని ఎంచడానికి వచ్చిన పోలీసు అధికారి మా అందరి చేతికీ తలా ఒక తుపాకీ ఇచ్చినప్పుడు, మేమంతా భుజానికెత్తి గురిచూశాం. పైడయ్య ఒక్కడే మడత దగ్గర విప్పి గొట్టాలు కిందికి వంచి, లోపల తూటా ఉందేమో చూశాడు. పక్కనే నిలబడి చూస్తున్న దొరకు అది చాలింది.

తుపాకీ చేతులు మారేటప్పుడు ఇచ్చేవాడు గొట్టాలు వంచి, రెండింటిలోనూ వేలుపెట్టి చూసి "కోసోంగ్" అనాలని పైడయ్య పద్ధతి పెట్టాడు. మలాయి భాషలో ఖాళీ అని. తీసుకునేవాడు మళ్ళీ తన వేలుపెట్టి చూసి తానూ "కోసోంగ్" అనాలి. అప్పుడే మొదటివాడు చెయ్యి వదలాలి. నెల తిరక్కుండా ఇది కూలీల ఇళ్ళ లైన్లలోకి పాకింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందె అందిస్తూ "కోసోంగ్" అనేవారు. అందుకున్నావిడ లోపలికి తొంగిచూసి "కోసోంగ్" అని పకపకా నవ్వేది. వేలిముద్రగాడు తోట మొత్తానికి ఒక మాట నేర్పేశాడు. నా కేంబ్రిడ్జి చదువుతో నేను ఒక్కరికీ ఒక్క మాటా నేర్పలేదు.

మొదటి రోజు శిక్షణలోనే నాకు మండింది. వరసలో నా వంతు వచ్చింది.

"బాబూ, ఏలెట్టి సూడండి," అన్నాడు పైడయ్య.

"నువ్వు చూశావుగా, పైడయ్యా."

"నాను సూసినాను. మీరు సూడనేదు."

"నీ మాట మీద నాకు నమ్మకం ఉందిలే."

"నమ్మకం దేవుడి కాడ పెట్టుకోండి లా. ఇక్కడ ఏలెట్టండి," అన్నాడు, మలాయి వాళ్ళలా మాట చివర 'లా' తగిలించి.

వెనక నుంచి గవరయ్య అనే కాపలావాడు అందుకున్నాడు. "సిన్న కిరాణి బాబు ఏలికి నూనంటితే పెన్ను జారిపోద్దిరా!"

అందరూ నవ్వారు. పైడయ్య నవ్వలేదు. నేను వేలుపెట్టేదాకా తుపాకీ వదలకుండా నిలబడ్డాడు. నవ్వినవాళ్ళ మీద కాదు, నవ్వని ఆయన మీదే నాకు కోపం వచ్చింది.

ఇంట్లో మరీ కష్టంగా ఉండేది. "గేటు దగ్గర పైడయ్య ఉన్నాడంటే నాకు హాయిగా కన్ను మూతపడుతుందిరా," అన్నాడు ఒకసారి నాన్న, అన్నం కలుపుకుంటూ. ఆయన అలా నమ్మి నిద్రపోగలిగిన మరో మనిషి పేరు నేనెప్పుడూ వినలేదు. నా పేరైతే అసలే వినలేదు.

కొన్నాళ్ళకు ఇపో పట్నం నుంచి కబురొచ్చింది. చుట్టుపక్కల తోటల కాపలాదళాలకు తుపాకీ జాగ్రత్తలు నేర్పడానికి పైడయ్యను పోలీసులు తీసుకుంటారని, ఉండడానికి ఇల్లు కూడా ఇస్తారని. ఆయన భార్య నూకాలు కనిపించినవాళ్ళందరికీ ఒకటే చెప్పేది: "పిల్లని ఇపోలో ఇంగిలీసు బడిలో ఏస్తామమ్మా. గాట్ల కత్తి పట్టనివ్వను." కూతురు పార్వతికి అప్పుడు ఏడేళ్ళు.

ఆ కబురొచ్చాక ఒక ఆదివారం ఉదయం కాపలా దిగినవాళ్ళ దగ్గర తుపాకులు తీసుకునే పని నాది. పది గజాల అవతల వరండాలో నాన్న, పైడయ్య మాట్లాడుకుంటున్నారు. నాన్న చెయ్యి పైడయ్య భుజం మీద ఉంది. గవరయ్య నిద్రకళ్ళతో, గొట్టాలు వంచకుండానే తుపాకీ చాపి "కోసోంగ్" అన్నాడు. నేనూ గొట్టాలు వంచలేదు. నా కళ్ళు ఆ భుజం మీదే ఉన్నాయి. "కోసోంగ్" అన్నాను. ఆ తర్వాత ఇసుక పీపాలోకి గురిపెట్టి ట్రిగ్గర్ ఒకసారి నొక్కడం ఆనవాయితీ. నొక్కాను.

పీపా అంచు చిట్లింది. చెదిరిన గుళ్ళు వరండా మెట్టును చీల్చాయి. దుమ్ము తగ్గాక చూస్తే, పైడయ్య నాన్నను గోడకు అదిమిపెట్టి, తన వీపు మావైపు పెట్టి నిలబడి ఉన్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన నా దగ్గరికి నడిచి వచ్చి, తుపాకీ తీసుకుని, గొట్టాలు వంచి, రెండింటిలోనూ వేలుపెట్టి చూశాడు. "కోసోంగ్," అన్నాడు. తుపాకీ మళ్ళీ నాకే చాపాడు.

"ఇప్పుడు మీరు, బాబూ."

తుపాకీ పేలితే పోలీసులకు నివేదిక పంపాలి. ఆ రోజు ఊళ్ళో లేని దొర, మర్నాడు వచ్చి, "నువ్వే రాయి, నీ ఇంగ్లీషు బాగుంటుంది," అన్నాడు. మూడు వాక్యాలు రాశాను. పైడయ్య పర్యవేక్షణలో తుపాకులు అప్పగిస్తుండగా ఒకటి పేలింది. ఆ సమయంలో పైడయ్య కొంత దూరంలో మాటల్లో ఉన్నాడు. ఎవరికీ గాయాలు కాలేదు.

మధ్యాహ్నం పైడయ్య ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. "కాయితంలో ఏటి రాసినారు, బాబూ? మన మాటలో సెప్పండి."

దాపరికం లేకుండా తెలుగులో చెప్పాను. అబద్ధం రాయలేదన్న ధైర్యం నాకుంది. ఆయన తలవంచుకుని విన్నాడు.

"అబద్దం నేదు. ఒక్క మాటా అబద్దం నేదు," అన్నాడు. "ఎవుడి సేతిలో పేలిందో నేదేటి, బాబూ?" అని అడిగాడు.

నేను కాగితం వైపు చూశాను.

"ఈ కాయితం ఎల్తే నాను ఇపో ఎల్లను. అది నాకూ తెలుసు, మీకూ తెలుసు. మరి మీ ఇస్టం," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. బతిమాలలేదు. దొరతో చెప్పలేదు. చెప్పినా, పెద్ద కిరాణి కొడుకు రాసిన ఇంగ్లీషు కంటే కూలీ మాట ఎక్కువవుతుందా?

నాన్న కాగితం చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. సాక్షి సంతకం పెట్టాడు. ఆ రోజు నుంచి భోజనాల దగ్గర పైడయ్య పేరెత్తలేదు. నేను కోరుకున్నదీ అదే. కానీ నా వైపు చూసి మాట్లాడటం కూడా ఆ రోజే తగ్గించాడు.

ఇపోకు వేరే తోట మనిషి వెళ్ళాడు. తాళంచెవి నాకొచ్చింది. ఆ పీట మీద నేను కూర్చున్నాను. పైడయ్య మళ్ళీ చెట్ల దగ్గరికి వెళ్ళాడు. మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చాక దొర తన దేశానికి వెళ్ళిపోతూ, కౌలాలంపూర్‌లో ఒక పత్రికకు నా గురించి ఉత్తరం రాసిచ్చాడు. ఏ విషయాన్నైనా నాలుగు ముక్కల్లో చక్కగా రాస్తానని అందులో ఉంది. ఆఫీసు లెక్కలు కాక ఆయన నా రాత చూసింది ఆ మూడు వాక్యాల్లోనే.

కాపలాదళాలు రద్దయి, తుపాకులు వెనక్కి పోయాక చాలా ఏళ్ళకు పైడయ్యను చూడటానికి వెళ్ళాను. గుమ్మంలో చాప వేశాడు.

"మీ పేపరు ఇంటన్నాను, బాబూ. బడి మాస్టారు సదివి సెప్తాడు. ఆ పైన తోట ఆసుపత్రి డ్రెస్సరు సేత ఇంకోపాలి సదివించుకుంటాను," అన్నాడు.

"మాస్టారు మీద నమ్మకం లేదా?"

"ఉంది. అయినా ఇంటాను." ఇద్దరం నవ్వాం. తర్వాత అన్నాడు, "బాగా రాస్తారు. ఆ కాయితం కూడా బాగానే రాసినారు."

వెటకారం కోసం ఆయన మొహమంతా వెతికాను. దొరకలేదు. తిట్టి ఉంటే ఇద్దరం ఒక మెట్టు మీద ఉండేవాళ్ళం. ఆ మెట్టు కూడా నాకు దక్కనివ్వలేదు. ఇంతలో పాల బకెట్టుతో పార్వతి వచ్చింది. చేతులకు రబ్బరు వాసన, నడుముకు గాట్లుపెట్టే కత్తి.

"బాబు ఊరంతా తిరుగుతారే. ఇపో కూడా తెలుసు," అన్నాడు తండ్రి.

"ఎలాగుంటాది బాబూ, ఇపో?" అని అడిగింది ఆమె. "నానొక్కపాలి కూడా సూడనేదు."

పత్రికాఫీసులో నా బల్ల మీదికి వచ్చిన ప్రతి వార్తనూ ఒకే ప్రశ్నతో వెనక్కి పంపేవాణ్ణి: ఎవరి చేతిలో? లాఠీ తగిలింది అని రాస్తే, ఎవరి చేతి లాఠీ? ఫైలు పోయింది అంటే, ఎవరి చేతిలోంచి? కుర్రవాళ్ళు దాన్ని నా సూత్రం అని పిలిచేవారు. నా వీడ్కోలు సభలో ఒకడు వేదిక మీద ఆ ప్రశ్న చెప్పగానే చప్పట్లు మోగాయి. అది పైడయ్యదని చెప్పడానికి నోరు తెరిచాను. కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నాను. ఆయన పోయి అప్పటికి ఆరేళ్ళు. పోయినవాడి మీద కూడా ఇంత అసూయ ఎలా మిగిలిందో నాకు తెలియదు. ఉన్నదని మాత్రం చెబుతున్నాను.

ఆ నివేదికలో రాయని నాలుగో వాక్యం ఇక్కడ రాస్తున్నాను. ఆ ఆదివారం తుపాకీ నా చేతిలో ఉంది, లోపల చూడకుండా ఖాళీ అన్నాను, ట్రిగ్గర్ నొక్కింది నేను.