వసంత నేర్పిన బోణీ

మొయినాబాద్ చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు లేచి, ఏ ఇంట్లో చూసినా ఐటీ మాటే వినిపించే రోజులవి. బస్టాండు ఎదురుగా కిరాణా కొట్టు నడిపే రామేశ్వర్ కూతురు వసంత. మొదటి బేరానికే 'లేదు' అంటే ఆ రోజంతా పాడే అని నమ్మే ఇల్లు వాళ్ళది. ఉప్పు ప్యాకెట్టైనా సరే చేతిలో పెడతారు గానీ బోణీకి వచ్చినవాణ్ణి ఉత్తచేతులతో పంపరు.

గచ్చిబౌలిలో ఆరోగ్య బీమా క్లెయిములు చూసే ఆఫీసులో చేరాక కూడా ఆమెకు ఆ అలవాటు పోలేదు. ఒక తెరమీది వివరాలు ఇంకో తెరలోకి ఎక్కించడం, రూలుకు సరిపోతే పాస్ చేయడం, లేకపోతే తిరగ్గొట్టడం, అదే పని. పొద్దున్నే వరసలో మొదటిది తిరగ్గొట్టాల్సినదైతే, దాన్ని పక్కనపెట్టి, పాసయ్యేదొకటి వెతికి ముందు అది ముగించేది. ఎవరికి నష్టం? కొట్లో కూర్చోకుండా తనకంటూ దొరికిన ఆ కుర్చీ అంటే వసంతకు ప్రాణం.

ఒకరోజు మేనేజరు ఉదయ్‌భాస్కర్ ఆమె కంప్యూటర్లో ఏదో ప్రోగ్రామ్ పెట్టించాడు. "ఎనకట మాక్రోలని ఉండేటివి. మనం నొక్కిన బటన్లు గుర్తుపెట్టుకొని గట్లనే నొక్కేటివి. తెర జర మారితే ఆగమాగం. ఇది బాట్. తెర చూసి పని చేస్తది. నీ పని నేర్చుకుంటది."

"మరి నేనేం చెయ్యాలె సార్?"

"రోజూ ఎట్ల చేస్తవో గట్లనే చెయ్యి. ఫికర్ పెట్టుకోకు."

"కొట్టు గుట్టు పరాయోనికి చెప్తరా బిడ్డా!" అని ఆ రాత్రి ఇంట్లో సంగతి విన్న రామేశ్వర్ నెత్తి కొట్టుకున్నాడు. బాగా నేర్పితే మెచ్చుకుంటారనుకుంది వసంత. పిచ్చి తల్లి!

కొన్ని నెలల్లో బాట్ పని నేర్చుకుంది. పక్క కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి. డాక్టర్ల చీటీల మీది కోడిగీతలు చదవడం దానికి రాదు గనక వసంత ఒక్కతే మిగిలింది. "ఇగ నా నౌకరీకి ఢోకా లేదు బాపూ," అంది. ఆమె చదివి సరిదిద్దిన ప్రతి చీటీ బాట్‌లోని ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌కు పాఠమవుతున్నదని ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఏం చేసేది? ఏడాది తిరక్కుండానే అది కోడిగీతలు కూడా చదివేసింది. వసంతను ఇంటికి పంపేశారు.

కొట్లో పప్పు పొట్లాలు కడుతూ ఎదురుచూసింది. బాట్ ఎక్కడో ఒకచోట బోల్తా పడకపోతుందా, తనను పిలవకపోతారా అని. ఒక మధ్యాహ్నం ఉదయ్‌భాస్కర్ ఫోన్ చేశాడు. ఆమె చేతిలో పొట్లం పక్కన పడేసి ఫోన్ ఎత్తింది.

"వసంతా, ఒక డౌటు. పొద్దుగాల మొదటి క్లెయిము తిరగ్గొట్టేదైతే బాట్ దాన్ని ఇడిసిపెట్టి, కిందికి పోయి ఇంకోటి పాస్ చేస్తున్నది. ఎందుకో మావోళ్లకు సమజైతలేదు. నీ దగ్గర్నే నేర్చుకున్నదట."

"అది బోణీ సార్."

అవతల ఒకటే నవ్వు. "బోణీనా! సరే, తీసెయ్యమని చెప్త."

"ఉండనియ్యరాదు సార్. అండ్ల నాదని గుర్తుపట్టేది అదొక్కటే ఉన్నది."

"అరే, మిషన్‌కు బోణీ ఏందమ్మా!" అంటూ పెట్టేశాడు.

"రమ్మన్నరా బిడ్డా?" గల్లా దగ్గరినుంచి రామేశ్వర్ ఆశగా అడిగాడు.

"లేదు బాపూ. ఇగ పిలవరు," అని వసంత ఇంకో పొట్లానికి దారం చుట్టింది.