డానాంగ్ దాకా వెళ్లిన పెరుగన్నం

ఆ రోజు డానాంగ్‌లో, బండి మీద బతికే ఒకావిడ పొట్ట కొట్టాను. వియత్నాం వెళ్లాలనుకునేవాళ్లు ఇది చదువుతారు కాబట్టి అది ముందే చెప్పేస్తున్నాను.

తార్నాకలో ఉండే మేం రోజూ పొద్దున్నే యూనివర్సిటీ క్యాంపస్‌లో నడుస్తాం. ఆ గుంపులోంచి నేను, మా ఆవిడ సుజాత, లాలాపేట్ యాదగిరి బయల్దేరాం. విదేశాలు చూసొచ్చిన ప్రతివాడూ మాకు చెప్పిన మాట ఒకటే: బయట తినకండి, కడుపు చెడుతుంది. అందుకే సుజాత వద్దంటున్నా డబ్బా నిండా పెరుగన్నం కట్టించాను. మా ఇంట్లో ప్రయాణాలకు వేడి అన్నంలో పాలు పోసి, చెంచాడు పెరుగు కలుపుతారు. దారిలోనే తోడుకుంటుంది, మర్నాటికీ పులవదు. పులవలేదంటే పాడవలేదనే మా లెక్క.

సాయంత్రం నాలుగింటికి తార్నాక చౌరస్తాలో క్యాబ్ ఎక్కాం.

"ఏంది సార్, పెండ్లికి పోతున్నమా? గంత బువ్వ ఎవరు తింటరు?" అని యాదగిరి నవ్వాడు.

రాత్రి విమానం, మధ్యలో ఇంకో విమానం. మర్నాడు మధ్యాహ్నం డానాంగ్‌లో దిగేసరికి మన మే నెల ఎండ. హోటల్ గోడ పక్కనే ఒకావిడ బండి మీద నూడుల్స్ సూపు కాచి అమ్ముతోంది. సామాను దించకముందే యాదగిరి ఒక గిన్నె లాగించేశాడు. నాకు ఒళ్లు మండింది. గదిలోకి లాక్కొచ్చి, "మనింటి తిండి తినవయ్యా" అని పెరుగన్నం పెట్టాను. సుజాతా అదే తింది. నాకు విమానంలో తిన్నదే అరగలేదు.

సాయంత్రానికి యాదగిరికి వాంతులు. మాకు మాటసాయానికి పెట్టుకున్న గైడ్‌ని వెంటేసుకుని కిందికి దూసుకెళ్లాను. మురికి బండి అన్నాను, విషం అన్నాను. అది అక్కడుంటే మా క్యాంపస్ వాళ్లెవరూ ఈ హోటల్లో దిగరని మేనేజర్‌ని బెదిరించాను. మేనేజర్ తీసేయమనగానే ఆవిడ పొయ్యి ఆర్పి, బండి తోసుకుంటూ వెళ్లిపోయింది. నేను మా నడక గ్రూపులో హెచ్చరిక కూడా పెట్టేశాను.

పైకి వెళ్తే సుజాత బాత్రూమ్ గుమ్మంలో కూలబడి ఉంది.

"ఆ సూపు నేను వాసన కూడా చూళ్లేదు కదండీ," అంది నీరసంగా. "నేను తిన్నది మీ పెరుగన్నమే."

మంచం మీంచి యాదగిరి మూలిగాడు. "గామెను మస్తు తిట్టొచ్చిన్రు గదా సార్. ఇగ మీ డబ్బాను గూడ తిట్టున్రి!"

తిట్టాల్సింది డబ్బాని కాదు. కళ్లముందు కుతకుత ఉడికేది మురికట! ఒక రాత్రి, ఒక పగలు సంచిలో ఉక్కబోసిన అన్నం మనింటిది కాబట్టి అమృతమట! ఊళ్లు చూడ్డానికి వెళ్లి, ఆ ఊళ్లో వండేవాళ్ల చేతుల్ని అనుమానించే హక్కు మనకెవరిచ్చారు? ఆ సలహాలిచ్చిన వాళ్లలో ఒక్కడైనా, తెచ్చుకున్న అన్నం కూడా చెడుతుందని చెప్పాడా? పోనీ, నాకైనా తోచొద్దా?

డాక్టరు వచ్చి మందులిచ్చాడు. తెల్లారేసరికి ఇద్దరూ తేరుకున్నారు. నేను గైడ్‌తో కలిసి ఆవిణ్ణి వెతుక్కుంటూ వెళ్లాను. రెండు సందుల అవతల, ఎవరూ రాని చోట బండి పెట్టుకుంది. తప్పు నాదని చెప్పాను. ఆవిడ నావైపు చూడకుండా గైడ్‌తో ఏదో అంది.

"ఆ మాట నాకెందుకు, మేనేజర్‌కి చెప్పమనండి అంటోంది," అన్నాడతను.

నిజమే కదా. నిన్న అరిచిన చోటే నిలబడి, పాడైంది మా అన్నమేనని మేనేజర్‌కి చెప్పాను. మధ్యాహ్నానికి బండి గోడ పక్కకి వచ్చింది. ఉన్నన్నాళ్లూ ముగ్గురం అక్కడే తిన్నాం. ఆవిడ నాతో మాత్రం ఒక్కసారీ నవ్వలేదు.

తిరుగు ప్రయాణంలో, విమానం మారేచోట కూర్చుని గ్రూపులో జరిగిందంతా రాశాను. త్వరలో అక్కడికే వెళ్లబోతున్న ఒకాయన వెంటనే అడిగాడు: "మరి మేం ఏం తినాలి సార్?"

"హోటల్ గోడ పక్క బండి దగ్గర, పొగలు కక్కే సూపు," అని రాశాను. "నా పేరు మాత్రం చెప్పకండి."