అలకాయి అడవిలో రెండో గొంతు

ఓఓ పిట్ట ఇంకా బతికే ఉందన్న కబురు నాకు మొట్టమొదట తెచ్చింది ఎదురింటి ఆంటీ. బొప్పాయిపళ్ళు ఇవ్వడానికి వచ్చి, వాటిని చేతుల్లోనే పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది.

"పైన అడవిలో ఒకటి కూసిందట. పిట్టల సర్వేకి వెళ్ళినవాళ్ళు విన్నారట. పొద్దుటినుంచీ మా ఆయన అన్నం ముట్టలేదు."

హవాయి దీవుల్లో ఒకటైన కవాయికి మేము డెబ్భైల చివర్లో వెళ్ళాం. చెరకు పొలాల్లో మట్టి పరీక్ష చేసే ఉద్యోగం మా వారిది. ఆ దీవి మొత్తానికి తెలుగు మాట్లాడే కొంప మాదొక్కటేనని మా అనుమానం. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా మేనత్త ఇంట్లోనే కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది, కీర్తనలు నేర్పింది. ఇంగ్లీషు అంతంతమాత్రం. అలాంటి నాకు ఎదురింట్లో ఆ దంపతులిద్దరినీ చూపించినందుకు భగవంతుడికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. అక్కడ పెద్దవాళ్ళను ఎవరినైనా ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు. ఆ ఒక్క అలవాటూ మనదే కావడంతో నా నోటికి వెంటనే పట్టుబడింది.

వాళ్ళిద్దరూ జపాను నుంచి చెరకు కోతకు వచ్చిన కూలీల మనవలు. అంకుల్ హైస్కూల్లో బ్యాండు నేర్పి రిటైరయ్యాడు. పిల్లలు లేరు. అన్నేళ్ళ డప్పుల మోతకో ఏమో, ఆయన చెవులు దాదాపు పోయాయి. చెవిలో మిషను పెట్టుకుంటే అది ఈల వేసేదే తప్ప మాట వినిపించేది కాదు. ఎవరేమన్నా ఆంటీ ఆయన చెవి దగ్గర నోరు పెట్టి మళ్ళీ చెప్పేది.

మా పెరటి నిండా గోరింకలు ఉండేవి. ఎప్పుడో చెరకులో పురుగులు తింటాయని మన దేశం నుంచి తెచ్చి వదిలారట.

"నీ చుట్టాలు నా బొప్పాయిలన్నీ పొడుచుకు తింటున్నారు" అనేది ఆంటీ.

"వాటికి వీసా ఇచ్చింది మీవాళ్ళేగా ఆంటీ" అనేదాన్ని.

ఓఓ మాత్రం ఆ దీవిలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. ఓడల్లో వచ్చిన దోమలు తెచ్చిన జబ్బుతో కింది అడవుల్లో పిట్టలన్నీ పోయాయి. కొండమీద, అలకాయి అనే బురదనేల అడవిలో, చలికి దోమ ఎక్కలేని చోట ఒక జంట మిగిలింది. అంకుల్ ఆ జంట పాటను ఒకప్పుడు క్యాసెట్ మీద పట్టుకొచ్చాడు. తరవాత పెద్ద తుఫాను వచ్చింది. ఆడపిట్టను మళ్ళీ ఎవరూ చూడలేదు. ఇప్పుడు కూసినదానికి జత ఉంటే వంశం నిలుస్తుంది, లేకపోతే అదే ఆఖరుది. ఆ ఒక్కటీ తెలుసుకోవాలి అంకుల్‌కి. వినడానికి ఆయనకు చెవులు లేవు. ఇన్నాళ్ళూ వెంట వెళ్ళిన ఆంటీకి గుండె జబ్బు. కొండ ఎక్కితే ఊరుకోనన్నాడు డాక్టరు.

"నువ్వు వెళ్ళమ్మా" అంది ఆంటీ, క్యాసెట్ నా చేతిలో పెట్టి. "ముందు ఇది వల్లె వేసుకో."

వంట చేస్తూ వారమంతా అదే విన్నాను. పిల్లనగ్రోవి నీళ్ళలో ముంచి ఊదినట్టుండేది. ఒక గొంతు ఎత్తుకుంటుంది, అది పూర్తయీ కాకుండానే రెండోది అందుకుంటుంది. మేనత్త ఇంట్లో శనివారం భజన కూడా అంతే. ఆవిడ ఒక పాదం అంటే పిల్లలం అందుకోవాలి. అందుకోవడం ఆలస్యమైతే నెత్తిమీద మొట్టికాయ పడేది.

"దోమలకి విందు ఇవ్వడానికి అంత దూరం ఎందుకూ, పెరట్లో కూర్చుంటే చాలదూ?" అన్నారు మా వారు.

"అక్కడ దోమలు ఉండవండీ. ఉంటే పిట్ట ఉండదు" అన్నాను. ఆయన లేచి తన వాన కోటు తీసిచ్చారు.

కొండమీద మోకాళ్ళ దాకా బురద. వాన పడుతోందో, పొగమంచు కారుతోందో తెలియదు. ఎర్రటి కుంచెల్లాంటి పూలు పూసే ఓహియా చెట్లు, వాటి నిండా నాచు. ఒక పడిపోయిన మాను మీద కూర్చున్నాం. అంకుల్ బైనాక్యులర్స్ మెడలో వేసుకుని చెట్లవైపు చూడడం మానేసి నా మొహమే చూస్తున్నాడు. పాట వినిపిస్తే ముందు నా మొహానికే కదా తెలిసేది. చలికి పళ్ళు కటకటలాడుతుంటే లోపల నామం చెప్పుకుంటూ కూర్చున్నాను.

కూసింది. నేను తల ఊపాను. అంకుల్ బైనాక్యులర్స్ ఎత్తాడు.

తన పాదం పాడి ఆగింది. ఎవరూ అందుకోలేదు. మళ్ళీ పాడింది, మళ్ళీ అక్కడే ఆగింది. రెండో గొంతుకు ఎంత చోటు కావాలో సరిగ్గా అంత చోటు వదిలి మొదలుపెడుతోంది. ఆ ఖాళీలో నా గొంతు ఎప్పుడు పడిందో నాకు తెలియదు. తలచుకుని చేసిన పని కాదు. పెదవులు విప్పకుండానే అందుకున్నాను.

పిట్ట బాణంలా వచ్చి మా నెత్తిమీద కొమ్మ మీద వాలింది. తడిసిన నల్లటి ఒళ్ళు, తొడల దగ్గర పసుపు కుచ్చులు. తల ఇటు తిప్పింది, అటు తిప్పింది. అంకుల్ నా చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు.

"చూశావా! ఏదో పిలిచింది దాన్ని! ఆడది ఇక్కడే ఉంది! ఏ వైపు నుంచి? చెప్పు, ఏ వైపు?"

"నేనే అంకుల్" అన్నాను.

ఆయనకు వినపడలేదు. "ఆఁ? ఏ వైపు?"

"నేను! నేనే పాడాను!" అని అరవాల్సి వచ్చింది. ఆ అరుపుకు పిట్ట లేచిపోయింది.

అంకుల్ చెవిలోని మిషను తీసి చొక్కా జేబులో వేసుకుని, జేబుకు బొత్తం పెట్టుకున్నాడు. కొండ దిగి కారెక్కాం. కారు ఇంటి వీధిలోకి తిరిగాక, "ఆంటీకి రెండు ఉన్నాయని చెబుతాను" అన్నాడు.

"నాకు అబద్ధం రాదు" అని చేతులు తిప్పి చూపించాను.

"నిన్నెవరు చెప్పమన్నారు? నువ్వు టీ తాగు, చాలు."

ఆంటీ వరండాలో దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. "ఒకటా, రెండా?"

అంకుల్ రెండు వేళ్ళు చూపించాడు. ఆంటీ నావైపు చూసింది. నేను టీ తాగుతున్నాను. "మంచిది" అని, నా నిండు కప్పులోనే ఇంకాస్త టీ పోసింది.

కొన్నాళ్ళకు ఆవిడను ఆసుపత్రిలో చేర్చారు. చూడటానికి వెళ్ళిన రోజు అంకుల్ కాఫీకి బయటికి వెళ్ళగానే నన్ను దగ్గరికి రమ్మంది.

"ఒక్కటేగా?"

తల ఊపాను.

ఆవిడ నవ్వింది, నవ్వు దగ్గులోకి దిగింది. "రెండుంటే ఆ మనిషి కారు ఆగకముందే అరిచేవాడు కాదూ? వీధంతా మేలుకునేది."

"ఆయనతో అనలేదా మీరు?"

"ఎందుకంటాను? ఇప్పుడు గుడ్లు పెట్టే కాలమేనా అని రోజూ అడుగుతున్నాను. అవును, గూడు కడుతున్నాయి అని చెబుతున్నాడు. నిన్న పిల్లలు కూడా అయ్యాయిలే. మూడట!"

వానలు మొదలవకముందే ఆంటీ పోయింది. తనకు తెలుసన్న సంగతి ఆయనకు చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. అంకుల్ ఆ తరవాత అలకాయికి వెళ్ళలేదు. అడవిలో ఆ గొంతు ఇంకొన్నాళ్ళు వినిపించిందన్నారు. ఎనభైల చివరికి అదీ వినిపించడం లేదన్నారు.

ఆ పిట్టను గురించి పుస్తకాల్లో రాశారు. అంకుల్‌ను ఆయన దగ్గర బ్యాండు నేర్చుకున్నవాళ్ళు తలచుకుంటారు. ఆంటీకి మాత్రం వెనక ఎవరూ లేరు. నా దేవుడి గూట్లో దీపం పెట్టేటప్పుడు నేను తలచుకుంటాను, కానీ నేనూ పెద్దదాన్ని అవుతున్నాను. చదివిన మీరు, ఎప్పుడైనా బొప్పాయిపండు కోస్తున్నప్పుడైనా సరే, గూడు లేదని తెలిసీ పిల్లలు ఎన్ని అని అడిగిన ఆ మనిషిని ఒక్కసారి తలచుకోండి.