బోడి నల్లికి నాయన పేరు

ఆ రోజుల్లో కొత్త పురుగును కనిపెట్టడం భలే సులువనుకుంటి. రాయి తిప్పాల, పట్టాల, పేరు పెట్టాల, అంతే కదా అని. కంబదూరు చుట్టూ ఉండే రాళ్ళన్నీ మూడేండ్లు తిప్పినాక అసలు సంగతి నడుము చెప్పింది. నేను వెతికేది వేరే పురుగుల్ని పొడిచి రసం పీల్చే నల్లుల్ని. (ఊళ్ళోవాళ్ళు మాత్రం "ఏమ్మా, మా మంచం కూడా ఒకసారి చూడు" అనేవాళ్ళు.) చివరికి ఒక ఎండాకాలం రెక్కల్లేని బోడిది, వీపున ఎర్ర మచ్చలది ఒకటి దొరికింది. ఏ పుస్తకంలోనూ లేదు. మా సారుకు ఫోన్ చేస్తే "కొత్తదే అయితే నీ డాక్టరేటు గట్టెక్కినట్టే" అన్నాడు. ఆ సంబరంలో నోరూరుకోక "నాయనా, దీనికి నీ పేరే పెడతా" అనేస్తిని.

ఇంకేముంది, మా నాయన టీ అంగట్లో అందరికీ బొరుగులు, బెల్లం పంచినాడు. వరసగా పంటలెండిపోయి, బోరు కూడా మోసం చేసిన మనిషి. తన పేరు ఒక పురుగు మీదన్నా నిలబడతాదని ఆశపడె. నేను కాలేజీకి పోతే, సీసాలోని బోడిదానికి ఆయనే చెదపురుగుల్ని ఏరి వేసేవాడు. ఒక పొద్దున పిలిచినాడు. "పాపా, ఈడ చూడు. పాపం ఒంటిగా ఉండాదని, నిన్న సాయంత్రం లైటు కాడికొచ్చిన రెక్కల నల్లిని తోడేసినా. కాపురం చేస్తాండాయి!"

ఆ రెక్కలది పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉండేదే. రెండూ ఒకటే జాతయితే నాది కొత్తది కానట్టే. బోడిది గుడ్లు పెడితే, వాటిని పారేసి గమ్మునుందామా అనుకుంటి, అబద్ధమెందుకు. నాయనే ఒప్పుకోలే. గుడ్లు పగిలి పిల్లలు పెరిగి పెద్దవయితే మగవాటికి రెక్కలొచ్చె, ఆడవన్నీ బోడివే. కొత్త జాతీ లేదు, నాయన పేరూ లేదు. నేను ఏడుస్తాంటే "బొరుగులు తిన్నోళ్ళకు నేను చెప్పుకుంటాలే" అని లేచి టీ అంగడికి పోయినాడు. ఏం చెప్తాడోనని వెనకాలే పోతి. "ఇన్నేండ్లూ ఆ రెక్కల నల్లి పెండ్లామెవరో చదువుకున్నోళ్ళకే తెలీదంటప్పా. మా పాప కనిపెట్టె!" అంటాండాడు. తోడేసింది తానేనని ఒక్క ముక్క చెప్పలే.

నేనూ చెప్పలే. అచ్చయిన వ్యాసంలో నా పేరే ఉండాది. డాక్టరేటూ వచ్చింది. నాయన పేరు అడుగునన్నా వేయాలని అప్పటి తిక్క పిల్లనయిన నాకు తోచనే లేదు. అందుకే మోకాళ్ళు పట్టేసినా ఇప్పటికీ రాళ్ళు తిప్పుతానే ఉండా. ఏదన్నా దొరికిందని ఫోన్ చేస్తే, నాయన మెల్లగా అడుగుతాడు, "కొత్తదేనా పాపా?"

"లేదు నాయనా, ఇదీ ఎవడో ఒకడి పెండ్లామే."