తల్లి దిగిన ముఖం

తెలంగాణ కావాలని సమ్మె జరిగి బస్సులు ఆగిపోయిన రోజుల్లో, తొర్రూరులో నాకు ఆడపిల్ల పుట్టింది. మూడో రోజుకు దాని ముఖం నిండా చీము పొక్కులు లేచాయి.

"తల్లి వోసింది. దవాఖాన మాట ఎత్తకుండ్రి," అన్నది మా అత్త. అమ్మవారే పొక్కులై బిడ్డ మీదికి వచ్చిందని ఆమె నమ్మకం. గడపకు వేప మండలు కట్టింది. ఇంట్లో పోపు మాన్పించింది. వాడలోని ఆడవాళ్లు వచ్చి, గడప అవతలే నిలబడి బిడ్డకు దండం పెట్టుకుని పోయేవారు. నేనూ పెట్టాను. కన్నబిడ్డకు దండం పెట్టడం వింతగా కూడా అనిపించలేదు.

కొన్ని వారాలకు పొక్కులు వాటంతటవే ఎండిపోయాయి. పసుపు, వేపాకు వేసిన నీళ్లు పోసి, "తల్లి సల్లగ దిగింది," అన్నది అత్త.

బస్సులు నడిచాక టీకా కోసం వరంగల్ తీసుకెళ్లాను. డాక్టరమ్మ బిడ్డ ఏటవాలు కళ్లు చూసింది, అరచేతిలో ఒకే అడ్డగీత చూసింది, రక్తం తీయించింది. పరీక్షల ఫలితాలు వచ్చాక డౌన్ సిండ్రోమ్ అంది; పుట్టుకతోనే వస్తుందట, ఎదుగుదల, బుద్ధి నెమ్మదిగా వస్తాయట. పొక్కుల సంగతి చెబితే, ఇలాంటి పిల్లల్లో కొందరికి పుట్టగానే రక్తంలో తేడా వచ్చి అలాంటి పొక్కులు లేస్తాయట. అవి పోయినా కొన్నేళ్లు రక్తం చూపించుకుంటూనే ఉండాలట. నేను తలూపాను.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను.

పొక్కులున్నన్నాళ్లు వాడంతా ఆ ముఖానికి మొక్కింది. తేటపడ్డ ముఖాన్ని మాత్రం, ఎవరైనా వస్తే, అత్త గోడవైపు తిప్పి పడుకోబెట్టేది.