వెనక కొమ్ము బోయీ

సత్తియ్య పల్లకీ వెనక కొమ్ము మోసే బోయీ. దివాణం పల్లకీకి ముందు నలుగురు, వెనక నలుగురు. ముందువాళ్ళకు దారి కనిపిస్తుంది. వెనకవాళ్ళకు కనిపించేది పల్లకీ వెనక చెక్క ఒక్కటే. అందుకని ముందు కొమ్ము పట్టినవాడు దారిని మాటలుగా చేసి వెనక్కి అందిస్తాడు. "రాయి" అంటాడు. వెనకవాడు "ఊఁ" అంటాడు. "గుంట." "ఊఁ." "నీళ్ళు." "ఊఁ." చెడ్డ చోట ఆ "ఊఁ" వినపడేదాకా ముందువాడు అడుగు వెయ్యడు. అది బోయీల కట్టుబాటు.

సత్తియ్యకు దారి చెప్పేవాడు భీమరాజు. ఇద్దరూ గోదారి ఒడ్డున చేపలు పట్టే ఇళ్ళలో పుట్టారు. మీసాలు వచ్చే వయసులో దివాణం మనిషి ఒకడు పల్లెకు వచ్చి, వల లాగుతున్న కుర్రాళ్ళను వరసగా నిలబెట్టి భుజాలు చూశాడు. ఈ ఇద్దరి భుజాలూ ఒక్క ఎత్తున ఉన్నాయి. పెళ్ళికి జాతకాలు చూస్తారు, బోయీలకు భుజాలు చూస్తారు. ఆ రోజునుంచి వాళ్ళు ఒకరినొకరు బావా అని పిలుచుకున్నారు. సత్తియ్య పెళ్ళాం లోవమ్మ పిల్లలు లేకుండానే జ్వరంతో పోయింది. భీమరాజుకు వీరవేణి, ఆమె చుట్టూ పిల్లలు.

ఒకసారి దివాణం ముసలి రాణిగారిని కోరుకొండ మెట్లెక్కించారు. నిటారు మెట్లు. ముందువాళ్ళు వంగిపోయారు, వెనకవాళ్ళు కొమ్మును చేతులమీదికెత్తి పట్టుకున్నారు. భీమరాజు ఒక్కొక్క మెట్టూ చెప్పాడు. సత్తియ్య ఒక్కొక్క మెట్టుకూ ఊఁ కొట్టాడు. పైన దిగాక రాణిగారు తెర తప్పించి, "మీ మాటలు వింటూ ఉంటే లోపల కూర్చున్న నాకూ దారి కనపడిందిరా" అన్నారు. సత్తియ్యకు బతుకులో దొరికిన మెప్పు అది.

తర్వాత గోదారికి ఆనకట్ట కట్టారు. కాలవలు తవ్వారు. దివాణం వారు ఒక మంచి పడవ కొన్నారు. పల్లకీని సావిట్లో దూలానికి వేలాడగట్టారు. బోయీలను ఇక రావద్దన్నారు.

అప్పటికి రాణిగారు మంచం పట్టి ఉన్నారు. దివాను గారిని పిలిపించి, "నన్ను మోసినవాళ్ళు అన్నానికి అడుక్కోకూడదు" అన్నారట. కొద్ది రోజులకే పోయారు. దివాను గారు ఆ మాట నిలబెట్టారు. నిలబెట్టి, దానికో ముడి వేశారు. వారం వారం బియ్యం ఇస్తారు. కాని అది కూర్చుని తినే బియ్యం కాదు. వారంలో మూడు చోట్లకు వెళ్ళి పని అడగాలి. అడిగినందుకు ఆ చోటునుంచి ఒక గుర్తు తేవాలి. పని దొరికితే బియ్యం ఆగుతుంది. దొరికిన పని కాదంటే మరీ ఆగుతుంది.

మొదటి వారం ఎనిమిది మంది బోయీలూ గుంపుగా సున్నం బట్టీకి వెళ్ళారు. బట్టీ అమ్మిరాజు పని లేదన్నాడు. ఎనిమిది మందీ తలా చిటికెడు సున్నం కొంగున కట్టుకొచ్చారు. దివాణం అరుగుమీద గుమాస్తా అప్పాజీ పంతులు ఆ చిటికెల వరస చూసి నవ్వాపుకోలేకపోయాడు.

"ఎనిమిది మంది కలిసి ఒక్క 'లేదు' పంచుకుంటార్రా? అదేమన్నా ప్రసాదమా? ఎవడి 'లేదు' వాడే తెచ్చుకోవాలి. ఒక్కొక్కడుగా వెళ్ళండి. ఇద్దరు కలిసి వెళ్ళినట్టు తెలిసిందా, ఇద్దరికీ లేదు."

"ఆయ్, అలాగేనండి" అన్నారు అందరూ. సత్తియ్య కూడా అన్నాడు.

సత్తియ్య కళ్ళలో పువ్వు వేసి చాలా కాలమైంది. వెలుగు తెలుస్తుంది, చీకటి తెలుస్తుంది, మధ్యలో ఉన్నవన్నీ పొగ. పల్లకీ వెనక ఉన్నన్నాళ్ళూ అది ఎవరికీ పట్టలేదు. అక్కడ కళ్ళున్నవాడికీ కనపడేదేమీ లేదు. భీమరాజు చెప్పేవాడు, అతను నడిచేవాడు. ఆ సంగతి భీమరాజుకు తెలుసు. తెలుసునన్న మాట ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు.

ఆ వారం సత్తియ్య గుడిసె ముందు నిలబడి ఉంటే భీమరాజు వచ్చాడు. "పద బావా, నేను ముందు నడుస్తాను. నువ్వు నా మాట వినపడేంత దూరంలో రా. ఎవరేమన్నా అడిగితే నా దారి నాది, నీ దారి నీది."

అలా నడిచారు. భీమరాజు ఎవరితోనూ కానట్టు, తనలో తాను గొణుక్కుంటున్నట్టు, "గట్టు" అనేవాడు. వెనకనుంచి సత్తియ్య "ఊఁ" అనేవాడు. "ముల్లు." "ఊఁ." చేలల్లో నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు నడుములు ఎత్తి చూసేవాళ్ళు. "ఓ బోయీలూ, పల్లకీ ఎక్కడ దింపేశార్రా? లోపల రాణిగారున్నారేమో చూసుకోండి!" అని నవ్వేవాళ్ళు. భీమరాజు కూడా నవ్వేవాడు. "దింపలేదమ్మా, అలవాటు దిగలేదు" అనేవాడు.

భీమరాజు ముందు లోపలికి వెళ్ళి అడిగి, గుర్తు పుచ్చుకుని, బయటికి వచ్చి దూరంగా నిలబడేవాడు. తర్వాత సత్తియ్య వెళ్ళేవాడు. సున్నం బట్టీ, నూనె గానుగ, పడవలు కట్టే వడ్రంగుల పాక. చిటికెడు సున్నం, చిన్న తెలగపిండి ముక్క, ఒక చెక్క పొట్టు. పని దొరికితే సత్తియ్య కళ్ళ సంగతి బయటపడుతుందని, పని లేదనే చోట్లే భీమరాజు ఎంచి పెట్టేవాడు. 'లేదు' అన్న మాట కోసం అంత దూరం నడవడం మొదట్లో సత్తియ్యకు సిగ్గుగా ఉండేది. పోను పోను, ఆ మాట వినపడగానే ఆకలి తగ్గినట్టుండేది. గానుగాయన ఒకసారి ఆలోచిస్తూ ఆగాడు. ఆయన నోటినుంచి 'లేదు' వచ్చేదాకా సత్తియ్యకు ఊపిరాడలేదు.

వానలు పట్టాయి. గానుగ దారి మునిగింది. మూడో గుర్తు కోసం భీమరాజు కాలవ రేవుకు తీసుకెళ్ళాడు. పాలకొల్లు వెళ్ళే ధాన్యం పడవ ఒకటి కట్టేసి ఉంది. ఆ పడవలకు సొంత మనుషులుంటారు, కొత్తవాళ్ళను పెట్టుకోరు. అది నమ్మకమైన 'లేదు' అనుకున్నారు.

గట్టు నిండా బురద. భీమరాజు గొంతు పెంచి చెప్పవలసి వచ్చింది. "జారుడు. ఎడమకి రా. తాడు. కాలెత్తు. గుంట."

పడవ సరంగు ఏసుపాదం పైనుంచి వంగి చూశాడు. "ఎవరయ్యా ఆ దారి చెప్పేది?"

"నేనేనండి. బోయీనండి. పనేమన్నా ఉందేమోనని..."

"గట్టుమీద తాడు పట్టి పడవ గుంజేవాళ్ళు నాకు నలుగురున్నారు. ఈ వానలకి గట్లన్నీ కోసుకుపోయాయి, ఒకడు పడితే నలుగురూ పడుతున్నారు. తాడు ముందు నడుస్తూ ఇలా చెప్పేవాడు కావాలి. వస్తావా? ఏడాది పొడుగునా పని. కూలి కాక అన్నం పడవలోనే."

సత్తియ్య గబగబా రెండడుగులు ముందుకు వేసి, "నన్ను కూడా తీసుకోండి బాబూ. ఇద్దరం జతండి. ఎంత బరువైనా లాగుతాను" అన్నాడు.

సరంగు కొంచెంసేపు అతనివంక చూశాడు. "ఈయన ఎవరిని అడుగుతున్నాడయ్యా? నేనిక్కడుంటే ఆ తెరచాప కొయ్యతో మాట్లాడుతున్నాడు."

పడవలో ఎవరో నవ్వారు. భీమరాజు వచ్చి సత్తియ్య చెయ్యి పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో అతను చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

ఇంటి దారిలో భీమరాజు, "నేను వెళ్ళను" అన్నాడు. "రేవులో పని లేదన్నారని చెబుదాం. తాడు పోగు ఒకటి తెచ్చాను, నీకూ ఒకటి."

సత్తియ్య ఊఁ అనలేదు. వీరవేణి పొద్దున్న పిల్లలకు గంజి పోస్తూ తెడ్డుతో కుండ అడుగు గీకిన చప్పుడు అతనికి గుర్తుంది. రెండిళ్ళ మధ్య ఉన్నది ఒక్క తాటాకు దడి.

బియ్యం ఇచ్చే రోజు అరుగు ముందు బోయీలు వరసగా నిలబడ్డారు. భీమరాజు మూడు గుర్తులూ పెట్టాడు. అప్పాజీ పంతులు తాడు పోగు ఎత్తి చూసి, "రేవుకి కూడా వెళ్ళావా? ఏమన్నారు?" అని అడిగాడు.

"లేదన్నారండి."

"ఉందన్నారండి" అన్నాడు వెనకనుంచి సత్తియ్య. "ఏడాది పొడుగునా పనండి. వీడే ఒప్పుకోలేదు."

భీమరాజు వెనక్కి తిరిగాడు. పంతులు సత్తియ్యను చూశాడు. "నీకెలా తెలుసు?"

"అక్కడే ఉన్నానండి."

"ఇద్దరూ కలిసి వెళ్ళారన్నమాట. వద్దన్నానా లేదా? ఒక్కడివి వెళ్ళలేకపోయావా?"

"వెళ్ళలేనండి" అన్నాడు సత్తియ్య. "వాడు వద్దన్నా సరే నేనే వెంటపడ్డాను. నాకు కళ్ళు కనపడవండి. తప్పు నాది. వాడి పిల్లలు చిన్నవాళ్ళు, వాణ్ణి పడవకి పంపించండి."

పంతులు చెయ్యెత్తి సత్తియ్య మొహం ముందు అటూ ఇటూ ఆడించాడు. సత్తియ్య కళ్ళు కదలలేదు.

"రాణిగారుంటే వేరేగా ఉండేదేమోరా" అన్నాడు పంతులు చివరికి. గొంతు తగ్గింది. "పని చెయ్యగలిగీ దొరకనివాళ్ళకి ఈ బియ్యం. అసలు చెయ్యలేనివాళ్ళకి ఇమ్మని నాకు చెప్పలేదు. వాడికి ఇక బియ్యం లేదు, పడవకి పోతాడు. నువ్వు ఈ వారం పట్టుకెళ్ళు. వచ్చే వారం రాకు. పిఠాపురం గుడి దగ్గర నీలాంటివాళ్ళు చాలామంది కూర్చుంటారు. ఎలాగో గడుస్తుంది."

బియ్యం కొలిచేటప్పుడు అతను కుంచం మీద చెయ్యి పెట్టి చదును చెయ్యలేదు. గింజలు పొర్లి అరుగుమీద పడుతుంటే చూసి ఊరుకున్నాడు.

బయటికి వచ్చాక భీమరాజు, "ఎందుకు చెప్పావు బావా?" అన్నాడు. "ఇంక నీకు దారి ఎవరు చెబుతారు?"

సత్తియ్య బియ్యం మూట ఒక భుజం మీదినుంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు.

పడవ కదిలే రోజున సత్తియ్య రేవుకు వెళ్ళాడు. వీరవేణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, పిల్లలు ఇంట్లో ఉన్నారని వెనక్కి వెళ్ళిపోయింది. వాన వెలిసింది. కళ్ళముందు తెల్లటి వెలుగు. తాడు బిగిసిన చప్పుడు వినిపించింది. తర్వాత భీమరాజు గొంతు.

"జారుడు."

"ఊఁ" అన్నాడు సత్తియ్య. తనకు తెలియకుండానే అన్నాడు. తెలియకుండానే గట్టు మీద తాడు గుంజేవాళ్ళ వెనక నడిచాడు.

"గుంట. కుడికి."

"ఊఁ."

కుడికి తిరిగాడు. పాదం గట్టి నేల మీద ఆనింది. గుంట ఎడమనుంచి వెళ్ళిపోయింది. భుజం మీద బరువు లేకపోవడం ఒక్కటే తేడా. "రాయి." "ఊఁ." ఇద్దరూ అలా కొంత దూరం వెళ్ళారు. ఒక చోట భీమరాజు, "నీళ్ళు" అని ఆగాడు. సత్తియ్య వెనకబడిపోయి ఉన్నాడు. అతని "ఊఁ" అక్కడికి అందలేదు. తాడు వదులైంది. పడవ మీదనుంచి సరంగు అరిచాడు.

"ఎందుకాగావయ్యా? వెనకున్నది పల్లకీ కాదు, పడవ! నడు, నడు!"

భీమరాజు నడిచాడు. "గట్టు" అన్నాడు. వెంటనే "ముల్లు" అన్నాడు. రెండు మాటల మధ్య చోటు లేదు. సత్తియ్యకు అర్థమైంది. ముందువాడు ఇక ఆగడు.

అతను నిలబడ్డాడు. గొంతు ఇంకా వినపడుతూనే ఉంది కాని, మాటలు విడిపోవడం లేదు. రాయి అన్నాడో, నీళ్ళన్నాడో. సత్తియ్య కుడికాలు ముందుకు చాపి, నేలను తడిమి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"ఊఁ" అన్నాడు.