శ్రమదినాల్లో చుట్టరొట్టెలు

ముందటేడు, ఈస్టరుకు ముందొచ్చే నలభై రోజుల శ్రమదినాలు మొదలయ్యేసరికి అమ్మకు టైఫాయిడ్ జ్వరం తగ్గింది. తగ్గిందని డాక్టరుగారు చెప్పారు గనక మేమూ తగ్గిందనే అనుకున్నాం. కానీ మనిషి మంచం మీంచి లేవలేదు. బార్లీ నీళ్ళు పెదవికి తగిలిస్తే చాలు, మొహం గోడవైపు తిప్పేసుకునేది. జావ వద్దంది. పాలు వద్దంది. పథ్యం రోజులు దాటిపోయాయనీ, ఇక ఏది అడిగితే అది పెట్టమనీ చెప్పారు డాక్టరుగారు. వాకిట్లో సైకిలు ఎక్కబోతూ నాన్నగారితో మెల్లగా ఇంకో మాట కూడా అన్నారు.

"తినకపోతే మాత్రం మనిషి దక్కదండీ."

నేను తలుపు వెనకాల ఉన్నాను. ఎవరైనా వస్తే నేనెప్పుడూ తలుపు వెనకాలే ఉంటాను. అందుకని ఇంట్లో వినకూడనివన్నీ ముందు నా చెవినే పడతాయి.

మా నాన్నగారు బందరులో మా పేట చర్చికి ఉపదేశి. నేను చర్చి పక్కనే ఉన్న బళ్ళో రెండో తరగతి పిల్లలకు చెబుతాను. అమ్మ మంచాన పడ్డాక నాన్నగారి అక్కయ్య, మా మేనత్త, గుడివాడ నుంచి రైల్లో వచ్చింది. ఆవిడ వచ్చింది గనక ఇల్లు నిలిచింది. అయినా పని తెమిలేది కాదు. తెల్లవారకముందే లేచి నీళ్ళు పట్టడం, అమ్మకు ఒళ్ళు తుడవడం, దుప్పట్లు ఉతకడం, బడికి పరుగెత్తడం, మళ్ళీ వచ్చి అదే మొదటినుంచీ. బళ్ళో పిల్లలు ఎక్కం అప్పజెబుతుంటే నిలబడే కునుకు పట్టేది. డైరీలో తేదీ వేసి, కింద ఏం రాయాలో తోచక మూసేసేదాన్ని. లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకం చదవకుండానే గడువు పొడిగించుకుని మళ్ళీ అదే తెచ్చుకున్నాను.

ఒక సాయంత్రం అమ్మ తల దువ్వుతున్నాను. జ్వరానికి జుట్టు కుచ్చులు కుచ్చులుగా చేతిలోకి వస్తోంది. అమ్మకు కనపడకుండా ఆ వెంట్రుకలు చీరకొంగులో మూట కడుతున్నాను. ఉన్నట్టుండి అమ్మ అంది:

"మా బోర్డింగులో దొరసానమ్మ చుట్టరొట్టెలు చేసేదే."

అమ్మది దివిసీమలో ఒక పల్లె. చిన్నప్పుడే పడవెక్కి వచ్చి ఇక్కడ మిషను బోర్డింగులో చదువుకుంది. ఈస్టరు పొద్దున పిల్లలందరికీ తలా ఒక రొట్టె పెట్టేవారట. చాప చుట్టినట్టు పిండిని చుట్టి, లోపల వెన్న, పంచదార, దాల్చినచెక్క పొడి వేసి కాల్చేదట దొరసానమ్మ.

"పైనుంచి కొంచెం కొంచెం విప్పుకుంటూ తినేవాళ్ళం. మధ్య ముక్కలో తీపంతా పేరుకుని ఉండేది. అదైతే తింటానేమో."

ఇన్నాళ్ళకు అమ్మ నోట తిండి మాట వచ్చింది. ఆ "ఏమో" పట్టుకుని నేను బయలుదేరాను.

మైదా దొరికింది. వెన్న ఇంట్లోనే తీశాం. పిండి పొంగడానికి ఏం వెయ్యాలో అమ్మకు తెలియదు. అత్తయ్యకు తెలుసు.

"గుడివాడలో రొట్టెల సాయిబు కల్లు పోసి కలుపుతాడే. నా కళ్ళతో చూశాను."

"అత్తయ్యా, మనింట్లోనా!"

"తాగమన్నానా? పిండిలో పొయ్యమన్నాను."

అవి మద్యనిషేధం రోజులు. పైగా తాగనని పేటలో మగవాళ్ళందరి చేతా ప్రార్థనలో ప్రమాణం చేయించింది మా నాన్నగారు. అయినా అత్తయ్య వెనక్కి తగ్గలేదు. గిలకలదిండి నుంచి చేపలమ్మే ఆవిడ రోజూ మా వీధినే వెళ్తుంది. శ్రమదినాల్లో మేం నీచు ముట్టమని తెలిసినా, మా అరుగు మీద గంప దించి, మంచినీళ్ళు తాగి, అమ్మ ఎలా ఉందో కనుక్కుని వెళ్ళేది. అత్తయ్య ఆవిడకు విషయం చెప్పింది. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

"పోలీసోళ్ళ సంగతి తరవాత. ఉపదేశిగారే నన్ను ముందు పట్టిచ్చేత్తారు తల్లో!"

మర్నాడు శనివారం. పొద్దున్నే గంపలో చేపల కింద సీసా పెట్టుకుని తెచ్చింది. అత్తయ్య అందుకుంటుండగా నాన్నగారు గొడుగు తీసుకుని బయటికొచ్చారు.

"ఏమిటక్కయ్యా అది?"

"మందు."

"ఎవరికి?"

"పిండికి."

నాన్నగారు సీసా వంక చూశారు. లోపల అమ్మ మంచం వంక చూశారు. చెప్పులు తొడుక్కుని చర్చి వైపు వెళ్ళిపోయారు.

దాల్చినచెక్క తెచ్చే పని నాది. కొట్టుకు వెళ్ళేముందు అడగాల్సిన మాట లోపల ఒకసారి అనుకుని వెళ్ళడం నాకు అలవాటు. అయినా అక్కడ జనం ఉన్నారు. "చెక్క కావాలండీ," అన్నాను. "పలావుకేనా అమ్మా?" అన్నాడు కొట్టాయన. అందరూ నావైపు తిరిగారు. కాదని చెబితే మరి దేనికని అడుగుతాడు. తలూపేశాను. ఆయన పొట్లం కట్టి ఇచ్చాడు. దాన్ని అత్తయ్య చేతికిచ్చి బడికి వెళ్ళిపోయాను. శనివారం ఒంటిపూట బడి.

తిరిగి వచ్చేసరికి పిండి కలిపిన గిన్నె మూతను పైకి తోసుకుని ఉబ్బి ఉంది. "నిషా ఎక్కింది దానికి," అంది అత్తయ్య, ముచ్చటగా చూసుకుంటూ. నా శ్రమ తగ్గిద్దామని పొడి కూడా తనే కొట్టి ఉంచింది. గిన్నె దగ్గరికి ముక్కు పెట్టాను. చెక్క వాసన కాదు. చెక్క, లవంగం, ఏలక్కాయ, అనాసపువ్వు, అన్నీ కలిసిన వాసన. దానికి తోడు మా రోట్లో రోజూ నూరే వెల్లుల్లి వాసన.

"పొట్లంలో ఉన్నవన్నీ కొట్టేశావా అత్తయ్యా?"

"పొట్లం కట్టి ఇచ్చింది కొట్టడానికేగా! చెక్క ఒక్కటే ఎవరన్నా వాడతారటే?"

ఆవిడ తప్పేముంది? మా ఇళ్ళల్లో చెక్క పొడి చేస్తే అది మాంసంలోకే. మళ్ళీ బజారుకు వెళ్ళాలి, మళ్ళీ అడగాలి. ఎండ మండిపోతోంది. నా కాళ్ళు లేవలేదు. పంచదార కాస్త ఎక్కువ వేస్తే సరిపోతుందని నాకు నేనే చెప్పుకున్నాను. పిండి ఒత్తి, వెన్న రాసి, ఆ పొడే చల్లి, చుట్టి, ముక్కలు కోశాను. ఇత్తడి డేగిశాలో అడుగున ఇసుక పోసి, పళ్ళెంలో రొట్టెలు పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోశాం. పొగకు కళ్ళు మండుతుంటే విసనకర్ర పట్టుకుని అక్కడే కూర్చున్నాను. చెయ్యి విసురుతూనే ఉంది, తల వాలిపోతోంది.

కాసేపటికి వాసన వీధిలోకి వెళ్ళింది. ఎదురింటావిడ గోడ మీంచి తొంగి చూసింది. ఆవిడ భర్త చర్చిలో సంఘపెద్ద.

"వదినగారూ, శ్రమదినాల్లో మసాలా వాసనొస్తోందేంటండీ?"

"రొట్టెలమ్మా, రొట్టెలు!" అంది అత్తయ్య.

"రొట్టెల్లో లవంగాలా?"

"మా గుడివాడలో అంతే."

రొట్టెలు అడుగున మాడాయి, పైన తెల్లగా ఉన్నాయి. అన్నిట్లోకీ బాగా వచ్చినదాన్ని ఏరి, పైపొరలు విప్పేసి, మధ్య ముక్క తీసి అమ్మ నోటికి అందించాను. అమ్మ నమిలింది. అత్తయ్య, నేను ఆ దవడ కదలడమే చూస్తున్నాం. నమిలి నమిలి, మింగకుండా చేతిలోకి తీసేసింది.

"ఇది కాదే," అంది.

నాకు ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా కొంత ఓపిక కావాలి. పళ్ళెం తీసుకుని లేవబోతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ముక్కుపుటాలు కదులుతున్నాయి.

"పొద్దుట్నుంచీ మాంసం కూర వాసనొస్తోంది. అన్నంలో ఇంత కూర కలిపి పెట్టవే. తినాలని ఉంది."

గుమ్మంలో నాన్నగారు ఉన్నారు. ఎప్పుడొచ్చారో చూడలేదు. ఈ దినాల్లో మా ఇంటి పొయ్యి మీద మాంసం ఎక్కడమన్నది నేను పుట్టి ఎరగను. బుధవారం ప్రార్థనల్లో ఆయన చెప్పేదే దాని గురించి.

"నిజంగా తింటావా?" అని అడిగారు.

"తింటానండీ."

ఆయన బయటికి నడిచారు. పొద్దుగూకేదాకా అరుగు మీదే కూర్చున్నారు. అత్తయ్య నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అంది:

"వాడు ఒప్పుకోడే. ఈస్టరు దాకా ఆగమంటాడు. అప్పటిదాకా మీ అమ్మ ఆగుతుందా?"

ఆవిడ గొంతు తగ్గడం నేను వినడం అదే మొదటిసారి. తను మాత్రం ఒక రొట్టె తిని, "కల్లు, పలావు ఒకేసారి తిన్నట్టుంది," అంది. నాకు నవ్వు రాలేదు, ఆవిడా నవ్వలేదు.

ఆదివారం పొద్దున నాన్నగారు ఆరాధనకు వేసుకునే తెల్లపంచె కట్టి, కండువా వేసుకుని, గోడకున్న చేతిసంచి తీశారు. అత్తయ్యకు అర్థమైంది.

"పైన కొత్తిమీర పెట్టుకుని రారా తమ్ముడూ, కనపడకుండా."

"దొంగతనానికి వెళ్తున్నానా అక్కయ్యా?"

ఆయన తిరిగొచ్చేటప్పటికి ఎదురింటావిడ బైబిలు పట్టుకుని గుమ్మం దిగుతోంది. సంచి అడుగు తడిసి ఉంది.

"ఏంటండీ ఉపదేశిగారూ, ఇంత పొద్దున్నే?"

"మాంసం అమ్మా. మా ఇంటావిడకి. నేను వచ్చేసరికి కాస్త ఆలస్యమవుతుంది, పాట మొదలుపెట్టమని మీ వారితో చెప్పండి."

ఆవిడ ఏమందో వినపడలేదు. నేను అప్పటికే ఉల్లిపాయలు తరుగుతున్నాను.

కూర మెత్తగా ఉడకడానికి చాలాసేపు పట్టింది. చర్చిలో పాట మొదలైంది, అయిపోయింది. ఎవరో నాన్నగారి బదులు ప్రార్థన చేస్తున్నారు. ఆయన మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నారు. అన్నంలో పులుసు పోసి మెత్తగా పిసికి, ముద్ద చేసి అమ్మ నోట్లో పెట్టాను. మింగింది. ఇంకో ముద్ద పెట్టాను. అదీ మింగింది. గిన్నె అడుగు కనపడుతుంటే, "ఇంకొంచెం కలుపు," అంది. అప్పుడు నాన్నగారు కండువాతో మొహం తుడుచుకుని, గొడుగు కూడా మరిచిపోయి, గబగబా చర్చికి నడిచారు.

"నువ్వు తిన్నావా?" అని అడిగింది అమ్మ.

జ్వరం వచ్చినప్పటినుంచీ అమ్మ నన్ను ఆ మాట అడగలేదు. తినలేదు గానీ, తిన్నానన్నాను. ఇంకా ఏదో అడుగుతోంది. వినాలనే ఉంది నాకు. చెయ్యి కడుక్కోవడానికి కూడా లేవలేక, మంచం కోడుకు తల ఆనించి అక్కడే నిద్రపోయాను.